బొటనవేలు ఎటువైపు

ప్రణతి దవడలో ఎవరివో వేళ్లున్నాయి.

ఆ సంగతి మొదట కనిపెట్టింది డాక్టర్ ఫిలోమినా. విశాఖపట్నంలో బీచ్ రోడ్డు వెనక సందులో చర్మవ్యాధుల క్లినిక్ ఆమెది. స్కాన్ తెర వైపు కాసేపు గుడ్లప్పగించి చూసి, పేషెంటు ముందు ఏమీ అనకుండా, బయట కుర్చీలో కూర్చోమని పంపించి, పక్క గదిలో ఉన్న కాదంబరిని కేకేసింది.

"ఇదేంటో చూసి చెప్పవే. నాకు ఒకటే తోస్తోంది. అది నా నోటితో అనను," అంది.

కాదంబరి చూసింది. ప్రణతి దవడ ఎముక వెంబడి, చెవి కింది నుంచి గడ్డం దాకా, చర్మం కింద ఎక్కించిన జెల్ పల్చటి నీలం పట్టీలా కనిపిస్తోంది. కిందటిసారి చూసినప్పుడు అది ఇస్త్రీ చేసిన అంచులా నున్నగా ఉంది. ఇప్పుడు కుడి దవడ మీద ఒకచోట లోతుగా గుంట పడింది. ఎడమ దవడ మీద వరసగా నాలుగు గుంటలు, చివరిది అన్నిటికన్నా చిన్నది.

కాగితాల మీద ఆ జెల్ పేరు రూపిక. ల్యాబులో మాత్రం అందరూ దాన్ని మైనం అనేవాళ్లు, కనిపెట్టిన కాదంబరితో సహా. బజార్లో దొరికే ఫిల్లర్లను, అంటే ముఖంలో పల్లాలు నింపే మందుల్ని, సూదితో ఎక్కించి, డాక్టరు అప్పటికప్పుడు వేళ్లతో సర్దేస్తే, కొన్నాళ్లకి కరిగిపోతాయి. వంకర వచ్చిందా, మళ్లీ సూది. మైనం సంగతి వేరు. వేలు దాని మీద గట్టిగా, కదలకుండా, కాసేపు నొక్కి పట్టిందంటే మెత్తబడుతుంది. వేలు తీయగానే ఆ రూపంలోనే బిగుసుకుంటుంది. మళ్లీ అలాగే నొక్కి మార్చేదాకా ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. కత్తి లేదు, కుట్టు లేదు, మళ్లీ మళ్లీ సూది లేదు. ఎవరికి ఎలాంటి దవడ కావాలంటే అలాంటి దవడ, కుండకి మూతి తిప్పినట్టు తిప్పి ఇవ్వచ్చు. దీనికోసం కాదంబరి ముప్పై దాటాక తన వయసంతా ల్యాబులోనే ధారపోసింది. సోమవారం నాడు వాలంటీర్ల స్కాన్లన్నీ చూసి, మందుని బయటికి వదలాలో వద్దో చెప్పడానికి నిపుణుల కమిటీ వస్తోంది.

"మైనం తనంతట తనే కుదించుకుపోయుంటుంది," అంది కాదంబరి.

"నాలుగు ఇటూ ఒకటి అటూనా? భలే లెక్కగా కుదించుకుపోయిందే!"

కాదంబరికి ఒళ్లు మండింది. దిండుతో పరీక్షించారు, హెల్మెట్ పట్టీతో పరీక్షించారు, మాస్కు తాడుతో, భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టుకునే ఫోనుతో కూడా పరీక్షించారు. దేనికీ చెక్కుచెదరలేదు. చేత్తో మాత్రం పరీక్షించలేదు. డాక్టరు తప్ప ఎవరు ఎవరి దవడ అంత గట్టిగా, అంతసేపు పట్టుకుంటారని వాళ్ల ధీమా.

బయట కుర్చీలో ప్రణతి కాఫీ తాగుతోంది. లోకల్ చానెల్లో వార్తలు చదివే పిల్ల. కాదంబరికి సొంత తమ్ముడి పెళ్లాం. కెమెరా ముందు దవడ జారినట్టు కనిపిస్తోందని, వాలంటీరుగా నన్ను తీసుకోండి వదినా అని తనే వెంటపడి చేరింది. అంత కళైన ముఖానికి ఇదేం సోకని కాదంబరి అప్పట్లో లోపల్లోపల విసుక్కుంది కూడా.

"ఎక్కడైనా గట్టిగా నొక్కుకుందా అమ్మా?" అని ఫిలోమినా అడిగింది.

"ఏమో డాక్టరుగారూ, గుర్తులేదు," అంది ప్రణతి.

అడిగింది ఫిలోమినా అయితే, ఆ పిల్ల జవాబు చెబుతూ చూసింది కాదంబరిని. అనుమానం మొదటి విత్తనం అక్కడే పడింది.

మర్నాడు కాదంబరి ఏదో వంక పెట్టుకుని చానెల్ ఆఫీసుకి వెళ్లింది. మేకప్ గదిలో యూసుఫ్ అనే అతను ప్రణతికి పౌడరు అద్దుతున్నాడు. పెద్ద పెద్ద చేతులు, వేళ్లకి ఉంగరాలు. గడ్డం కింద రెండు వేళ్లు ఆన్చి ముఖాన్ని దీపం వైపు తిప్పుతుంటే, దొరికాడు దొంగ అనుకుంది. మూల కూర్చుని పిల్లిలా కాపు కాసింది. తీరా చూస్తే అతని చెయ్యి పావురాన్ని పట్టుకున్నంత తేలిగ్గా ఉంది. ఇలా ఆనించి అలా తీసేస్తున్నాడు. ఆ తాకిడికి మైనం కాదు కదా, వెన్న కూడా నొక్కుకోదు.

"ఏం మేడం, అలా చూస్తన్నారు? మీక్కూడా ఓ టచప్ ఇచ్చీమంటారా?" అన్నాడు యూసుఫ్.

సిగ్గేసి లేచొచ్చేసింది. అమాయకుణ్ణి అనుమానించినందుకు దారి పొడుగునా తనని తానే తిట్టుకుంది. తిట్టుకుందే కానీ అనుమానం తగ్గలేదు. ఆ రోజంతా కనిపించిన ప్రతివాళ్ల చేతులూ చూసింది. ఆటోవాడి చెయ్యి, టీ కొట్టువాడి చెయ్యి, క్లినిక్‌లో సూది అందించే నర్సు చెయ్యి. ఒక్కరి చేతులు మాత్రం చూడలేదు. ఆ చేతుల వైపు బుర్ర పోకుండా అడ్డం పడుతున్నది తనేనని ఆమెకి తెలుసో లేదో.

శశాంక్ ఆమె తమ్ముడు. తల్లి పెద్దాసుపత్రిలో నర్సు. డ్యూటీలకి పోతే వీణ్ణి చంకనేసుకు తిరిగింది, అన్నం కలిపి పెట్టింది, బడికి దిగబెట్టింది కాదంబరే. వాడిది పుట్టు మాటకారితనం. కొట్లో ఏదైనా కావాలంటే ఏడ్చేవాడు కాదు. ఎదురుగా నిలబడి, చిన్న చెయ్యి పైకి చాపి, అక్క గడ్డం పట్టుకుని "అక్కా, అక్కా, మా మంచక్క కదూ" అనేవాడు. ఆమె కరిగి నీరయ్యేది. ఇప్పుడు వాడు మంచి ఉద్యోగంలో ఉన్నాడు, అక్క ఫ్లాటు ఎదుటి ఫ్లాటే కొనుక్కున్నాడు, అపార్ట్‌మెంట్ వాళ్లందరికీ తలలో నాలుకలా ఉన్నాడు.

ఆ సాయంత్రం తమ్ముడింట్లోనే భోజనం. వంజరం చేపల పులుసు శశాంకే చేశాడు. అక్కకి ముల్లు తీసి మరీ వడ్డించాడు. ఆమె ముద్ద కలుపుతూ, ఏదో ఆఫీసు విషయం చెబుతున్నట్టు, స్కాన్ సంగతి ఎత్తింది. మైనం మీద వేళ్ల అచ్చులు పడ్డాయని, సోమవారం కమిటీ చూస్తుందని చెప్పింది.

శశాంక్ గరిటె ఆగింది. ఒక్క క్షణమే. ఆ వెంటనే పకపకా నవ్వాడు.

"అదా! నేనే అక్కా. మొన్న దీనికి కోపమొచ్చి అన్నం మానేస్తే, గడ్డం పట్టుకుని బతిమాలాను. నీ మైనం మొగుడూ పెళ్లాల సరసం కూడా రాసి పెట్టుకుంటుందా? ఇదెక్కడి మందే బాబూ!"

కాదంబరి గుండెల మీంచి బండ దిగిపోయింది. హమ్మయ్య అనుకుంది. అవును, దాన్నెలా మరిచిపోయారు వాళ్లు! ఈ జెల్‌కి ఆధారమైన పరిశోధన అంతా పైదేశాల్లో చేసింది. అక్కడ ఎవరూ ఎవరి గడ్డమూ పట్టుకుని బతిమాలరు. మన దగ్గర తల్లి బిడ్డ గడ్డం పట్టుకుంటుంది, మొగుడు పెళ్లాం గడ్డం పట్టుకుంటాడు, అప్పు అడిగేవాడు కూడా గడ్డం పట్టుకుంటాడు. తెలుగువాళ్ల మీద ప్రయోగం చేస్తూ తెలుగువాళ్ల చేతిని లెక్కలో వేసుకోకపోవడం ఎంత తెలివితక్కువ! కమిటీకి ఇదే చెప్పాలని ఉత్సాహం వచ్చేసింది. ప్రణతి పెరుగు తేవడానికి వంటగదిలోకి లేచివెళ్లింది. ఎంతకీ రాలేదు. సిగ్గుపడిందనుకుంది కాదంబరి.

శనివారం ఉదయం ఆ ఉత్సాహంతోనే ల్యాబుకి వెళ్లి, సిలికాన్ తల బొమ్మకి దవడల నిండా మైనం ఎక్కించింది. ఫిలోమినాని కూడా రమ్మంది. బొమ్మ ఎదురుగా నిలబడి, అరచెయ్యి వెల్లకిలా పెట్టి, కింది నుంచి గడ్డం పట్టుకుని, "తల్లీ, బంగారూ, కాస్త అన్నం తినవే," అని బతిమాలింది. ఫిలోమినా పొట్ట పట్టుకుని నవ్వింది.

స్కాన్ తీశారు. ఏమీ లేదు. బతిమాలే చెయ్యి బరువు మైనానికి ఆనలేదు.

"ఇంకా గట్టిగా బతిమాలు," అంది ఫిలోమినా.

వేళ్లు నొప్పి పుట్టేంత గట్టిగా నొక్కి పట్టి బతిమాలింది. ఈసారి అచ్చులు పడ్డాయి. నాలుగు ఒకవైపు, ఒకటి ఇంకోవైపు. కాదంబరి చప్పట్లు కొట్టబోయింది. ఫిలోమినా మాత్రం నవ్వడం మానేసి ప్రణతి స్కాన్‌ని పక్కన పెట్టింది.

"బొటనవేలు ఎటువైపుందో చూడు."

బొమ్మకి బొటనవేలి అచ్చు ఎడమ దవడ మీద పడింది. ప్రణతికి కుడి దవడ మీద ఉంది.

కాదంబరి తన చేతినే తిప్పి తిప్పి చూసుకుంది. బతిమాలే కుడిచెయ్యి కింది నుంచి, వెల్లకిలా వెళుతుంది. బొటనవేలు ఎదుటివాళ్ల ఎడమ దవడకే ఆనుతుంది. అదే చెయ్యి అరచెయ్యి అవతలివాళ్ల ముఖానికేసి పెట్టి, ఎదురుగా వెళ్లి దవడ ఒడిసి పడితేనే బొటనవేలు కుడి దవడ మీద పడుతుంది. అలా పట్టుకుని ఎవరూ ఎవరినీ అన్నం తినమనరు.

"ఎడమ చేత్తో బతిమాలాడేమో," అంది కాదంబరి.

ఎడమ చేత్తో ఎవరికీ తాంబూలం ఇవ్వం, డబ్బివ్వం. ఎడమ చేత్తో గడ్డం పట్టుకుని బతిమాలే మనిషి ఈ నేల మీద ఇంకా పుట్టలేదు. ఆ మాట అన్న కాదంబరికే తన మీద అసహ్యం వేసింది.

మధ్యాహ్నం శశాంకే ల్యాబుకి వచ్చాడు. ఫిలోమినా అప్పటికే వెళ్లిపోయింది. వాడి చేతిలో అక్కకిష్టమైన మాడుగుల హల్వా పొట్లం. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. బల్ల మీది బొమ్మనీ, తెర మీది రెండు స్కాన్లనీ చూశాడు. వాడు తెలివైనవాడు. చెప్పకుండానే అర్థమైపోయింది.

"అక్కా, నువ్వూ ఫిలోమినా గారూ మళ్లీ వేళ్లతో నొక్కి సర్దేస్తే అది నున్నగా అయిపోద్ది కదా?"

"అవుతుంది."

"మరింకేం. రేపు దాన్ని క్లినిక్కి తీసుకొస్తా. మీ మందుకీ మచ్చ రాదు, మన ఇంటి పరువూ పోదు. ఇద్దరికీ మంచిదే కదా."

నిజమే. ఆ మాటలో ఎక్కడా తప్పు దొరకదు. చెరిపేస్తే తన మైనం గెలుస్తుంది, తమ్ముడు మిగులుతాడు. నష్టపోయేది ఒక్క ప్రణతే. ఆ పిల్ల ఎలాగూ నోరు తెరవడం లేదు. కాదంబరి మనసు అటు మొగ్గింది. మొగ్గలేదంటే అబద్ధం.

"ఏం చేశావురా దాన్ని?" అంది.

"ఏం చెయ్యలేదక్కా. ఒకటి రెండుసార్లు మాట వినమన్నాను, అంతే. మొహం తిప్పుకుంటే ఇటు చూడమన్నాను." కుర్చీలోంచి లేచి ఆమె ఎదుటికొచ్చాడు. చిన్నప్పటిలాగే చెయ్యి చాపి గడ్డం పట్టుకున్నాడు. "మా మంచక్క కదూ. చెరిపేస్తానని ఒక్క మాటను."

అరచెయ్యి వెల్లకిలా ఉంది. బొటనవేలు ఎడమ దవడ మీద ఉంది. ఎంత మెత్తని చెయ్యి అది! కాదంబరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ చేతికే కదా తను ముద్దలు అందించింది అనుకుంది.

"ఒద్దురా. దాన్ని అడక్కుండా నేను చెరపను," అని ముఖం తిప్పుకోబోయింది.

చెయ్యి తిరగబడింది.

వాడు ఆలోచించి చేసినట్టు లేదు. తలుపు గొళ్లెం తిప్పినంత అలవాటుగా మణికట్టు తిరిగింది. అరచెయ్యి ఆమె ముఖానికి ఎదురుగా వచ్చింది, నాలుగు వేళ్లు ఎడమ దవడలోకి దిగాయి, బొటనవేలు కుడి దవడని పట్టింది. తిప్పుకోబోయిన ముఖాన్ని వెనక్కి తిప్పి తన కళ్ల ఎదుట పెట్టుకున్నాడు.

"ఇటు చూడు. నేను మాట్లాడుతున్నాను కదా. ఇటు చూడు."

"వదులు," అందామె. మాట సరిగ్గా రాలేదు. పళ్ల మధ్య బుగ్గ ఇరుక్కుంది. వాడు వదల్లేదు. అరవలేదు, తిట్టలేదు. నచ్చజెబుతున్న గొంతుతోనే, ఆమె తలాడించేదాకా, అలాగే నొక్కి పట్టుకున్నాడు. భయంతో ఆమె తలాడించింది. అప్పుడు వదిలి, చెంప మీద మెల్లగా తట్టి, హల్వా తినమని చెప్పి వెళ్లిపోయాడు.

కాదంబరి అద్దం దగ్గరికి పరుగెత్తింది. ఎర్రగా అయిదు అచ్చులు. చూస్తుండగానే గులాబీ రంగుకి తిరిగాయి. ఫిలోమినాకి ఫోను చేసి మాట్లాడేలోపు అవీ పోయాయి. ఇంకెవరైనా వచ్చి చూస్తే ఏమీ జరగలేదంటారు. చర్మమంత అబద్ధాలకోరు ఇంకోటి లేదని ఆమెకి ఏడుపొచ్చింది.

ఆదివారం పొద్దున్న చానెల్ క్యాంటీన్‌లో ప్రణతి ఎదుట కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, టీ గ్లాసు అటూ ఇటూ జరుపుతూ, "నాకెందుకు చెప్పలేదమ్మా?" అంది.

"చెప్పాను వదినా."

"ఎప్పుడు?"

"పెళ్లయిన కొత్తల్లో. మన అపార్ట్‌మెంట్ డాబా మీద వడియాలు ఎత్తుతున్నాం. మీ తమ్ముడికి కోపం వస్తే గడ్డం పట్టుకుంటారు వదినా అన్నాను. మీరు నవ్వీసారు. వాడికి చిన్నప్పట్నుంచీ అదే అలవాటు, కరిగిపోకు, కాస్త బెట్టు చెయ్యి అన్నారు."

కాదంబరికి గుర్తొచ్చింది. గడ్డం పట్టుకోవడం అంటే తెలుగులో ఒకటే అర్థం అనుకుంది అప్పుడు. ఆ పిల్ల సాయం అడిగితే తను సరసం అనుకుని నవ్వింది. భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది.

"తర్వాత ఇంకెవరికీ చెప్పలేదు," అంది ప్రణతి. "చెప్పినా చూపించడానికేముంది? దెబ్బ లేదు, వాపు లేదు. మేకప్పుకి కూచునేసరికి ఏమీ ఉండేది కాదు. యూసుఫ్ భాయ్‌కే ఒకసారి అనుమానం వచ్చింది. అలర్జీ అని చెప్పాను."

"దవడ జారిందని నువ్వొచ్చింది..."

"నా దవడకేమైంది వదినా? బాగానే ఉంది కదా." ఆ పిల్ల నవ్వింది, కానీ నవ్వులా లేదు. "నొక్కితే నొక్కినట్టే ఉండిపోద్దని మీరు ఇంట్లో చెబుతుంటే విన్నాను. ఆయనా విన్నారు, కానీ ఆయనకి అది పట్టలేదు. తను గట్టిగా నొక్కుతున్నాననే ఆయన అనుకోరు."

కాదంబరి ఆమె చెయ్యి పట్టుకుందామనుకుని, పట్టుకునే అర్హత ఉందా అని సందేహించి, బల్ల మీదే ఆపేసుకుంది. "రేపు కమిటీ అడిగితే ఏం చెప్పమంటావు?"

"చెరపకండి. అంతకన్నా నేను అడిగేదేం లేదు. మిగతాది మీ ఇష్టం. ఆయన మీ తమ్ముడు."

ఆ రాత్రి కాదంబరి ఇంటికి పోలేదు, ప్రణతినీ పోనివ్వలేదు. ఇద్దరూ ఫిలోమినా ఇంట్లో పడుకున్నారు. శశాంక్ నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

సోమవారం కమిటీ గదిలో నలుగురు పెద్దవాళ్లు కూర్చున్నారు. చైర్మన్ ఒక రిటైరైన సర్జను, మర్యాదస్తుడు. అందరి స్కాన్లూ చూసి బాగున్నాయన్నాడు. ప్రణతి స్కాన్ దగ్గర ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. గోడ పక్కన కుర్చీలో ప్రణతి కూర్చుని ఉంది.

"ఇది మందు లోపమే అయుంటుందమ్మా," అన్నాడాయన. "ఈ ఒక్క కేసునీ లోపం కింద రాసుకుంటే, ఇంకో ఆర్నెల్లు పరీక్షలు చేసి మళ్లీ రావచ్చు. మీ కష్టం ఎక్కడికీ పోదు."

ఆయన దయగానే అన్నాడు. ఎంత తేలికైన దారి! మైనం నేరం ఒప్పుకుంటే చాలు, ఏ మనిషీ ఒప్పుకోనక్కర్లేదు. ఇన్నేళ్ల పనికి మచ్చ పడితే పడనీ, తమ్ముడు దక్కుతాడు. తలుపు అవతల వరండాలో వాడు పచార్లు చేస్తున్నాడని ఆమెకి తెలుసు. తలుపు అద్దంలోంచి వాడి చొక్కా రంగు కనిపిస్తోంది.

"లోపం కాదండీ," అంది కాదంబరి. "నొక్కినచోట నొక్కుకుని, వదిలినచోట బిగుసుకుంది. మందు సరిగ్గానే పనిచేసింది."

"అలాగైతే ఇంకా కష్టం. ఇంట్లో ఎవరు ఏం చేసినా ముఖం మీద నిలిచిపోతుందంటే, అందం కోసం దీన్ని ఎవరు వేయించుకుంటారు? ఎవరు వేయించుకోనిస్తారు?"

"ఎవరూ వేయించుకోరండీ. తెలుసు."

చైర్మన్ తెర మీది అయిదు గుంటల్నీ మరోసారి చూశాడు. అడగడం ఇష్టంలేని గొంతుతో అడిగాడు.

"ఈ చెయ్యి ఎవరిదో మీకు తెలుసా?"

ప్రణతి తలెత్తింది. కాదంబరి తలుపు వైపు చూడలేదు.

"తెలుసండీ. నేను ముద్దలు పెట్టి పెంచిన చెయ్యే. మా తమ్ముడిది."